తెల్లవారుజాము ఎవరిది?

నిద్ర లేవగానే, ఇంకా మొహమైనా కడుక్కోకుండానే, తలగడ పక్కన ఉన్న సెల్‌ఫోను అందుకుని రాత్రంతా వచ్చిపడ్డ నోటిఫికేషన్లు చూసుకోవడం ఇవాళ కోట్లమంది దినచర్యలో మొదటి పని అయింది. దీన్ని గురించి రాసేవాళ్ళు చాలామంది నీతిబోధకుల ధోరణిలోనే రాస్తున్నారు. మనసును అదుపులో పెట్టుకోమంటారు. ఫోను పక్కగదిలో పెట్టి పడుకోమంటారు. ఇది వ్యసనమనీ, మనిషి బలహీనత అనీ తేలుస్తారు. ఆ సలహాల్లో తప్పేమీ లేకపోవచ్చు. కాని కోట్లమందికి ఒకే కాలంలో, ఒకే వేళప్పుడు, ఒకే బలహీనత ఎట్లా పట్టుకున్నదన్న ప్రశ్నకు వాటిలో జవాబు లేదు. ఒక అలవాటు సమాజమంతటా వ్యాపించిందంటే దానికొక చరిత్ర ఉంటుంది. ఆ చరిత్రకొక భౌతిక పునాది ఉంటుంది. వ్యక్తి మనసులో వెతికినంతకాలం అది మనకు దొరకదు.

నిద్ర నుంచి మెలకువలోకి వచ్చే ఆ కొద్ది నిమిషాలూ మనిషి దేనికీ ఇంకా కట్టుబడని నిమిషాలు. అప్పుడు అతని చెవిన మొదటి మాట వేసే హక్కు ఎవరిది? ప్రతి సమాజమూ ఈ ప్రశ్నకు తనదైన జవాబు చెప్పుకుంది. ఆ జవాబులను వరసగా చూస్తే మూడు విషయాలు తేలతాయి. లేపుతున్నది ఎవరు? ఎవరి ప్రయోజనం కోసం లేపుతున్నారు? లేచినవాడికి మారుమాట చెప్పే వీలున్నదా? ఈ మూడు ప్రశ్నలతోనే తెల్లవారుజాము చరిత్రను పరిశీలిద్దాం.

1

మన ప్రాచీన సాహిత్యంలో మేలుకొలుపు అందరికీ దక్కిన భాగ్యం కాదు. రాజును లేపడానికి వైతాళికులు ఉండేవారు. దేవుణ్ణి లేపడానికి సుప్రభాతం ఉండేది. తిరుమల ఆలయంలో పఠించే సుప్రభాతాన్ని 15వ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రచించాడు. ఈ రెండుచోట్లా లేపేవాడు సేవకుడు, లేచేవాడు ప్రభువు. లేపే మాటలో ఆజ్ఞ లేదు, స్తుతి ఉంది. లేవడం లేవకపోవడం ప్రభువు ఇష్టం.

తక్కిన జనాన్ని ఎవరు లేపారు? తొలికోడి లేపింది. వేగుచుక్క లేపింది. పశువుల అరుపు లేపింది. అంతకన్నా ఎక్కువగా, చెయ్యక తప్పని పని లేపింది. దొరవారి దొడ్లో పేడకళ్ళు ఎత్తవలసిన పాలేరూ, తెలంగాణలో అయితే జీతగాడూ, కోడికూతను నమ్ముకుని పడుకోలేదు. ఇంటిల్లిపాదీ లేచేసరికి పిండి సిద్ధం చేయవలసిన ఆడమనిషి తిరగలి ముందు కూర్చునే వేళకు ఇంకా చీకటే. మన తిరగలి పాటలూ దంపుళ్ళ పాటలూ ఆ చీకట్లో పుట్టాయి. జానపద సాహిత్యాన్ని పల్లె సౌందర్యంగా మాత్రమే చదివేవాళ్ళు ఆ పాటలు ఏ వేళప్పుడు పాడారో, ఎందుకు ఆ వేళప్పుడు పాడవలసి వచ్చిందో అడగరు. అంచేత పూర్వకాలపు ఉదయం స్వేచ్ఛగా ఉండేదనీ, యంత్రం వచ్చి చెడగొట్టిందనీ అనుకోవడం చరిత్ర కాదు. ఆ ఉదయం కూడా కులాన్ని బట్టీ, భూమిని బట్టీ, స్త్రీపురుష భేదాన్ని బట్టీ పంచబడిన ఉదయమే.

అయితే ఒక్క తేడాను గుర్తించాలి. ఆనాడు పనివాణ్ణి తరిమింది పనే తప్ప గడియారం కాదు. ఆవు చేపే వేళ, మడికి నీరు వదిలే వేళ, వెన్నెల ఉన్న రోజు, లేని రోజు, ఇట్లా వేళలు పనిలోంచే వచ్చాయి. ఇంగ్లీషు చరిత్రకారుడు ఇ.పి.థాంప్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ తేడానే చర్చించాడు. పనిని బట్టి కాలాన్ని కొలిచే సమాజం, కాలాన్ని బట్టి పనిని కొలిచే సమాజంగా మారడమే పారిశ్రామిక పెట్టుబడిదారీ విధానం మనిషి అంతరంగంలో తెచ్చిన పెద్ద మార్పు అని ఆయన నిరూపించాడు.

ఇక్కడ మరొక మనిషిని తలుచుకోవాలి. చీకటి విడకముందే డమరుకం వాయించుకుంటూ వీధిలోకి వచ్చే బుడబుక్కలవాడు. ఇంట్లోవాళ్ళకు రాబోయే శుభాశుభాలు చెప్పి వెళ్ళి, పొద్దెక్కాక వచ్చి గింజలు అడిగేవాడు. అడగకుండా వచ్చే వార్త, భయమూ ఆశా కలిసిన వార్త, నిద్ర మత్తులో చెవిన పడే వార్త అతనిది. ఇవాళ్టి నోటిఫికేషనుకు మన వీధుల్లో పూర్వీకుడు ఎవరైనా ఉంటే అతనే. కాని బుడబుక్కలవాడు ఇంటి ముందు నిలబడే మనిషి. అతన్ని పొమ్మనవచ్చు. చేటెడు గింజలు పెట్టవచ్చు, పెట్టకపోవచ్చు. అతని బతుకు ఇంటివాళ్ళ దయమీద ఆధారపడింది. ఆ సంబంధం తరవాత ఎట్లా తలకిందులైందో ముందు ముందు చూస్తాం.

2

తెల్లవారుజామును మొదట ఆక్రమించినది ఫాక్టరీ. ఇంగ్లండు పారిశ్రామిక పట్టణాల్లో కార్మికుల్ని లేపడం ఒక వృత్తి అయింది. పొడవాటి వెదురు కర్రతో మేడగదుల కిటికీ అద్దాలమీద తట్టి లేపి, వారానికి కొన్ని పెన్నీలు తీసుకునే మనుషులు 20వ శతాబ్దం మధ్యకాలం దాకా ఆ వీధుల్లో తిరిగారు. ఇక్కడొక విచిత్రం ఉంది. యజమాని పనికోసం లేస్తున్నవాడు, తనను లేపినందుకు తన కూలి డబ్బులోంచే చెల్లించాడు. రాజును లేపిన వైతాళికుడికి రాజు బహుమానమిచ్చాడు. కార్మికుణ్ణి లేపినవాడికి కార్మికుడే కూలి ఇచ్చాడు. లాభం మాత్రం నిద్రపోతున్న యజమానిది.

ఫాక్టరీలో గడియారం కూడా యజమానిదే. పొద్దున ముందుకూ సాయంత్రం వెనక్కూ ముల్లు జరిపే యజమానులున్నారన్న ఫిర్యాదులు ఎంత ప్రబలమయ్యాయంటే, 1844 నాటి బ్రిటిష్ ఫాక్టరీ చట్టం పనివేళలను అందరికీ కనిపించే గడియారాన్ని బట్టి లెక్కించాలని శాసించవలసి వచ్చింది. 1847లో స్త్రీలకూ కౌమారంలో ఉన్నవాళ్ళకూ పదిగంటల పనిదినం చట్టమైంది. 1867లో వెలువడిన 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం గురించిన అధ్యాయమంతా ఈ పెనుగులాట చరిత్రే. మనిషి నిద్రనూ తిండివేళనూ కూడా పెట్టుబడి ఎట్లా కొరుక్కుతింటుందో మార్క్స్ అక్కడ ఫాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు ముందుపెట్టుకుని చూపించాడు.

మన దేశానికి ఈ గడియారం వలస పాలకుల వెంట వచ్చింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇక్కడి రైళ్ళు మద్రాసు కాలమానం ప్రకారం నడిచాయి. 1906 జనవరి 1న గ్రీనిచ్ కన్నా అయిదున్నర గంటలు ముందుండే ప్రామాణిక కాలాన్ని ప్రభుత్వం ప్రవేశపెట్టింది. మద్రాసుకు ఇది తొమ్మిది నిమిషాల తేడా. బొంబాయికి 39 నిమిషాలు. అంటే గడియారంలో అదే వేళకు మిల్లు గేటు తెరిచినా, సూర్యుణ్ణి బట్టి చూస్తే కార్మికుడు 39 నిమిషాలు ముందుగా లేవాలి. అప్పటికే బొంబాయి మిల్లుల్లో విద్యుద్దీపాలు వచ్చి, కొన్నిచోట్ల పనిదినం 14, 15 గంటలదాకా సాగింది. ఇప్పుడు ఉదయంలోంచి కూడా ముక్క కోసుకుంటున్నారు. ఆ జనవరిలోనే బొంబాయి శివార్లలో మిల్లు కార్మికులు పని మానేశారు, మిల్లుమీద రాళ్ళు రువ్వారు. నగరంలోని ఉదారవాద మేధావులు కూడా కొత్త కాలమానాన్ని వలస ప్రభుత్వపు పెత్తనంగా వ్యతిరేకించారు. బొంబాయిలో పాత కాలమానం వాడకం 20వ శతాబ్దం మధ్యకాలం దాకా పూర్తిగా పోలేదు. మేధావులకు అది ఆత్మగౌరవ సమస్య, కార్మికులకు నిద్ర సమస్య. ఈ రెండూ ఒకచోట కలిసిన అరుదైన సందర్భం అది. 1908 జూలైలో తిలక్‌కు ఆరేళ్ళ శిక్ష వేసినప్పుడు ఆరు రోజులు సమ్మె కట్టినది ఈ మిల్లు కార్మికులే.

అస్సాం తేయాకు తోటల్లో దొరలు ఇంకో పని చేశారు. దేశం గడియారం కన్నా ఒక గంట ముందుండే 'బగాన్ టైం' అనే తోట కాలాన్ని నడిపారు. తెల్లారుతూనే ఆకు తెంపించడానికి అది అనుకూలం. ఆ తోటల్లో కూలి చేసినవాళ్ళలో మన తెలుగు జిల్లాలనుంచి వలసపోయిన కుటుంబాలు ఉన్నాయి. తెలుగువాడి ఉదయాన్ని దేశం గడియారం నుంచి కూడా వేరుచేసి యజమాని చేతిలో పెట్టిన ఘట్టమిది.

అయితే చరిత్ర ఇక్కడితో ఆగలేదు. 1881 నాటి మొదటి ఫాక్టరీల చట్టం పిల్లల పనిగంటలకు తప్ప వయోజనుల పనిగంటలకు హద్దు పెట్టలేదు. 1911లో బట్టల మిల్లుల్లో మగవాళ్ళకు 12 గంటల హద్దు వచ్చింది. 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54, 1948లో 48. ప్రతి అంకె వెనకా సమ్మెలున్నాయి. సైరను కూత అందరికీ ఒకేసారి వినిపించింది కాబట్టే, దానిమీద అందరూ ఒకేసారి తిరగబడగలిగారు. ఈ విషయం మనం మరిచిపోరాదు.

3

సైరను తరవాత ఉదయంలోకి వచ్చినవి వార్తాపత్రికా, రేడియో. పొద్దున్నే పత్రిక చదవడం ఆధునికుడి ప్రాతఃకాల ప్రార్థన వంటిదని హెగెల్ ఏనాడో అన్నాడు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా ప్రారంభించిన 'ఆంధ్రపత్రిక' 1914లో మద్రాసునుంచి దినపత్రిక అయింది. ఊరికొక ప్రతి వచ్చేది. ఒకరు చదివితే పదిమంది వినేవారు. 1938లో మద్రాసు రేడియో కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం తెలుగు ఉదయానికి ఒక గొంతునిచ్చాయి. 1974లో విశాఖపట్నంలో మొదలైన 'ఈనాడు' తెల్లవారేలోగా పత్రికను గుమ్మంలో వెయ్యడాన్నే తన వ్యాపార రహస్యం చేసుకుంది. ఆ పత్రికకోసం నాలుగింటికే సైకిలెక్కే కుర్రవాడి నిద్ర ఆ రహస్యంలో భాగమని కూడా చెప్పుకోవాలి.

ఈ దశలోనే మన సాహిత్యంలో ఒక మాట అర్థం మారింది. రాజును లేపే వైతాళికుడు ప్రజలను లేపే వైతాళికుడయ్యాడు. కందుకూరినీ గురజాడనూ నవయుగ వైతాళికులన్నాం. 1935లో ముద్దుకృష్ణ కొత్త కవుల సంకలనానికి 'వైతాళికులు' అని పేరు పెట్టాడు. అభ్యుదయ కవిత్వంలో ఉదయం ప్రధాన ప్రతీకల్లో ఒకటి అయింది. స్తుతించే సేవకుడు హెచ్చరించే మిత్రుడయ్యాడు. పత్రిక, సభ, రచయిత, పాఠకుడు ఉన్న ఒక బహిరంగ ఉదయం ఏర్పడకపోతే ఈ అర్థవిపరిణామం సాధ్యమయ్యేది కాదు.

ఆ పత్రికా అమాయకమైనది కాదు. కెనడా పండితుడు డాలస్ స్మైత్ 1977లో మార్క్సిస్టులకే ఒక ప్రశ్న వేశాడు. పత్రికలూ రేడియో టెలివిజన్లూ అమ్ముతున్న సరుకేమిటి? వార్తలూ వినోదమూ అనుకుంటున్నారు. అవి ఎర మాత్రమే. నిజంగా అమ్ముడవుతున్న సరుకు పాఠకులూ ప్రేక్షకులూ, అంటే వాళ్ళ శ్రద్ధ. కొంటున్నది ప్రకటనదారు. ఈ సూత్రీకరణమీద చాలా వాదోపవాదాలు జరిగాయి. కాని తరవాత వచ్చిన యంత్రం స్మైత్ మాటను తన కాలానికన్నా ఎక్కువగా నిజం చేసింది.

అయినా పత్రికకు మూడు హద్దులుండేవి. అది రోజుకొకసారి వచ్చేది. చదివితే అయిపోయేది. అందరికీ ఒకే పత్రిక వచ్చేది. పాఠకుడు పత్రికను చదివేవాడు, పత్రిక పాఠకుణ్ణి చదవలేకపోయేది. ఈ హద్దులు పోవడమే ఇప్పటి ఉదయం కథ.

4

1999లో బ్లాక్‌బెర్రీ యంత్రం ఉత్తరాన్ని మనం వెతుక్కోనక్కరలేకుండా జేబులోకే నెట్టింది. అప్పట్లో అది పెద్ద ఉద్యోగుల సాధనం. 2009లో ఆపిల్ తన ఐఫోనులో ఏ యాప్ అయినా సందేశం నెట్టగల సేవను ప్రవేశపెట్టింది. 2010లో గూగుల్ ఆండ్రాయిడ్ ఫోన్లకు అటువంటిదే తెచ్చింది. మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో ప్రవేశంతో డేటా చవక అయి ఈ ఏర్పాటు పల్లెలదాకా పాకింది.

ఈ ఏర్పాటు ఎట్లా పనిచేస్తుందో రచయితలు తెలుసుకోవాలి. ఒక్కొక్క యాపూ నేరుగా మన ఫోనుతో మాట్లాడదు. మన ఫోను ఆపిల్ లేక గూగుల్ కంప్యూటరుతో ఒక తెగని సంబంధం పెట్టుకుని ఉంటుంది. బ్యాంకైనా, పత్రికైనా, దుకాణమైనా, తన సందేశాన్ని ఆ కంప్యూటరుకు అప్పగిస్తే అది మన ఫోనుకు చేరవేస్తుంది. అంటే ప్రపంచంలో అత్యధిక భాగం ఫోన్ల మేలుకొలుపు రెండు కంపెనీల ద్వారం గుండా పోతున్నది. ఈ ద్వారం దగ్గర పోగయ్యే వివరాలను ప్రభుత్వాలు అడిగి తీసుకుంటున్నాయని 2023 డిసెంబరులో అమెరికా సెనేటర్ రాన్ వైడెన్ బయటపెట్టాడు.

ఇప్పుడు పత్రికకున్న హద్దులు ఒక్కొక్కటే ఎట్లా పోయాయో చూడండి. నోటిఫికేషన్లకు అంతం లేదు. ఎవరి మోత వారిదే. మన పక్కన పడుకున్నవాడికి కూడా మన ఫోను ఏం చెప్పిందో తెలియదు. మనం ఏది తెరిచామో, ఏది తోసేశామో, ఏ వేళకు తెరిచామో లెక్క అటువైపు చేరుతుంది. ఆ లెక్కను బట్టి రేపటి సందేశం ఎప్పుడు పంపితే తెరుస్తామో నిర్ణయమవుతుంది. వచ్చినదాంట్లో ఒకటి ఆత్మీయుల కబురు, పది చెత్త. ఏది ఎప్పుడు వస్తుందో తెలియదు. బహుమానం ఎప్పుడొస్తుందో తెలియనప్పుడే ప్రాణి మీటను ఎక్కువసార్లు నొక్కుతుందని స్కిన్నర్ వంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1950లలోనే పావురాలమీద ప్రయోగాలతో చూపించారు. వ్యసనమన్నది మనిషి బలహీనత కన్నా ముందు ఒక నిర్మాణ లక్షణమని దీనివల్ల తెలుస్తుంది. 2017లో నెట్‌ఫ్లిక్స్ అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ పోటీ నిద్రతోనేనని బాహాటంగా అన్నాడు. ఆనాడు ఇన్‌స్పెక్టర్ల నివేదికల్లో వెతికి పట్టుకోవలసిన నిజాన్ని ఇవాళ యజమానే చెబుతున్నాడు.

బుడబుక్కలవాడు ఇప్పుడు గుమ్మంలో లేడు. మన గది లోపల ఉన్నాడు. మన దినచర్య అంతా అతనికి తెలుసు, అతని ముఖం మనకు తెలియదు. గింజలు అడగడు. మన మెలకువనే కొలుచుకుని పోతాడు.

5

ఇంతవరకు 'మనం' అన్నాను. కాని ఈ 'మనం' ఒకటి కాదు. పొద్దున్నే ఫోను చూసేవాళ్ళంతా ఒకే కారణంతో చూడరు.

హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అమెరికా తూర్పు తీరంతో తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతాకాలంలో పదిన్నర. అతని రాత్రి అక్కడి పనిదినం. అతను లేచేసరికి పోగుపడినవి సందేశాలు కావు, ఒక పూర్తి పనిదినపు ఆజ్ఞలు. తిండి పొట్లాలు మోసే కుర్రవాడికి యాపులో పనివేళ ముందుగా పట్టుకోకపోతే ఆ రోజు కూలికి గండి. ఇటువంటి పనివాళ్ళు 2020-21లో దేశంలో 77 లక్షలని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి మొబైల్ యాపులో రోజుకు రెండుసార్లు ఫొటో తీస్తేనే హాజరు అన్నారు. సిగ్నలు అందకపోతే చేసిన పనికి కూడా లెక్క లేకుండా పోయింది. ఆ ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీ వెళ్ళి జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. వీళ్ళకు ఫోను వ్యసనం కాదు, మస్టరు. ధ్యానం చెయ్యమన్న సలహా వీళ్ళ దగ్గర ఎంత హాస్యాస్పదమో చెప్పనక్కరలేదు.

మరోవైపు, గల్ఫులో ఉన్న కొడుకు రాత్రి షిఫ్టు దిగి పంపిన నాలుగు మాటలకోసం తెల్లవారకముందే ఫోను వెలిగించే తల్లులు కరీంనగర్‌లోనూ కడపలోనూ ఉన్నారు. తుఫాను హెచ్చరిక చూసుకోకుండా వేటకు పోని మత్స్యకారులున్నారు. కాబట్టి యంత్రాన్ని తిట్టి లాభం లేదు. వార్త అందడం మంచిదే. ఎప్పుడు అందాలో, ఏది అందాలో నిర్ణయించే అధికారం అందుకునేవాడి చేతిలో లేకపోవడమే అసలు సమస్య.

ఈ అధికారం కోసం పోరాటం మొదలైంది కూడా. ఫ్రాన్సులో 2017 జనవరి 1 నుంచి 50 లేక అంతకుమించి ఉద్యోగులున్న సంస్థలు పనివేళల బయట ఫోను కట్టేసుకునే హక్కుమీద కార్మికులతో చర్చించాలన్న చట్టం అమలయింది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో అటువంటి హక్కే వచ్చింది. మన లోక్‌సభలో 2018లో సుప్రియా సూలే ఒక ప్రైవేటు బిల్లు ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు. ఈ చట్టాలు కూడా ముఖ్యంగా జీతగాళ్ళకే వర్తిస్తాయి. యాపుల కింద పనిచేసే కూలీలను ఉద్యోగులుగానే గుర్తించని చోట వాళ్ళ ఉదయానికి కాపలా ఎవరు? సైరను అందరికీ కలిసి వినిపించింది. ఈ మోత ఒక్కొక్కరికి విడివిడిగా వినిపిస్తుంది. సంఘటిత ప్రతిఘటనకు ఇదే పెద్ద అడ్డంకి.

సాహిత్యకారుల బాధ్యత సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. విడివిడిగా వినిపిస్తున్న మోతలను ఒకచోట చేర్చి, ఇది నీ ఒక్కడి బలహీనత కాదని చెప్పగలిగింది కథ, నవల. ఆ పని ఇంకా చాలినంతగా జరగలేదు. ఉదయం మన కవిత్వంలో ఎనభై ఏళ్ళకు పైగా ప్రతీకగా ఉంది. ప్రతీక బతికుండాలంటే దాని కింద ఉన్న వాస్తవాన్ని మళ్ళీ మళ్ళీ చూసి రాయాలి. నాలుగింటికి స్లాటు కోసం ఫోను వెలిగించే కుర్రవాడి ఉదయం, సిగ్నలు కోసం గట్టెక్కి నిలబడ్డ ఉపాధి కూలీ ఉదయం మనకు ఇంకా తెలియవు. వైతాళికులమన్న పేరును మనం వారసత్వంగా పుచ్చుకున్నాం. ఆ పని ఇవాళ రెండు కంపెనీల కంప్యూటర్లు చేస్తున్నాయి. జనాన్ని ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. దేనికోసం లేపుతున్నారని అడిగేవాళ్ళే కావాలి.